లైను వదలని పిల్ల

అనుమానం పెనుభూతం అంటారు. అది ఎవరి కాపురాలు కూల్చిందో మనకు తెలియదు గానీ, డేగక్కకు మాత్రం ఇన్నేళ్ళుగా నెలనెలా జీతం ఇప్పించింది. ఆపదలో ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తి, అడ్రసు రాబట్టి, అంబులెన్సు పంపే గదికి ఆవిడ సూపర్‌వైజరు. అవతలి మనిషి "ఏం లేదమ్మా, కొంచెం నలతగా ఉంది" అంటే ఆ కొంచెం వెనక ఎంత ఉందో అనుమానించాలి. "ఇంట్లో నేనొక్కణ్ణే" అంటే వెనకాల వినిపించే ఆ మూలుగు ఎవరిదో అనుమానించాలి. ఆ విద్యలో ఆవిడను మించినవాళ్ళు లేరు. అందుకే గదిలోని కుర్రకారంతా చాటుగా డేగక్క అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. పైకి చిరచిరలాడినా లోపల కాస్త గర్వంగానే ఉండేది.

చిక్కేమిటంటే, ఆ విద్య ఆఫీసు గుమ్మం దగ్గర ఆగేది కాదు, ఆవిడ వెంటే ఇంటికీ వచ్చేది. భర్త డ్రిల్లు మాస్టారు, బడిపిల్లల చేత గుంజీలు తీయించి తీయించి రిటైరైన మనిషి. ఆయన కూరగాయలకు వెళ్ళి కాస్త ఆలస్యమైతే చాలు, ఫోన్ చేసి ఎక్కడున్నారు, పక్కన గుర్తుగా ఏముంది, మీతో ఎవరున్నారు అని వరసపెట్టి అడిగేది. "వంకాయలున్నాయి. ప్రస్తుతానికి స్పృహలోనే ఉన్నాయి" అనేవాడాయన. రాంగ్ నంబరు వచ్చినా అవతలివాడి వీధి పేరు రాబట్టందే ఫోన్ పెట్టేది కాదు. అలవాటైపోయిన నోరు, ఏం చేస్తుంది పాపం.

అలాంటి మనిషి గదిలోకి మంచుగడ్డ వచ్చిపడింది.

ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి ఆ పిల్లకు. శిక్షణ ముగించుకుని మరికొందరితో కలిసి చేరింది. ఏ ఫోన్‌కూ కరగదని గదిలోవాళ్ళే మంచుగడ్డ అని పేరు పెట్టారు. ఆ ఉద్యోగం ఎలాంటిదో చెప్పాలి. చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకోగానే ఎవరి ఇంటి ఏడుపో సూటిగా వచ్చి చెవిలో పడుతుంది. తల్లి కేకలు పెడుతూ ఉంటుంది, వీధి పేరు మాత్రం చెప్పదు. తండ్రి వీధి పేరు చెబుతాడు, అది పాతింటి వీధి. వాళ్ళను బతిమాలి, గదమాయించి, అడ్రసు పట్టుకుని కంప్యూటర్లో కొడితే, గది మూలన కూర్చున్న వైర్‌లెస్ మనిషి దాన్ని బళ్ళకు చెబుతాడు. అతని గొంతు పెద్దది కాబట్టి అందరూ లౌడ్‌స్పీకర్ అంటారు. బండి బయల్దేరగానే ఫోన్ ఎత్తినవాళ్ళు ఇంకో ఫోన్ ఎత్తాలి. ఊపిరి ఆగిన కేసైతే మాత్రం బండి గుమ్మంలోకి వచ్చేదాకా లైను వదలకూడదు. ఆ తర్వాత ఆ మనిషి బతికాడో పోయాడో ఎవరూ చెప్పరు. కథ మొదలు మనకు, ముగింపు ఇంకెవరికో. కొత్తగా చేరిన పిల్లలకు అన్నం సయించకపోయేది అందుకే.

ఆ బాధకు డేగక్క ఒక మందు కనిపెట్టింది. గది బయట టీ మిషను పక్కన పొడుగాటి బల్ల ఒకటి వేయించింది. పాడు ఫోన్ వస్తే, ఎత్తినవాళ్ళు ఆ బల్ల మీద కూర్చుని జరిగిందంతా పక్కవాళ్ళకు చెప్పేయాలి. దానికి పిల్లలు కక్కుడు బల్ల అని పేరు పెట్టారు. కడుపులో ఉన్నది కక్కేస్తే గానీ తర్వాతి ఫోన్‌కు పనికిరారని ఆవిడ సిద్ధాంతం. ఎంత మొండివాడైనా నెల తిరక్కుండా ఆ బల్ల మీద కూర్చుని బావురుమన్నవాడే. మంచుగడ్డ మాత్రం దాని అంచున కూడా కూర్చోలేదు.

ఒకరోజు పొద్దున్నే వచ్చిందొక ఫోన్. నీళ్ళ తొట్టిలో పసివాడు పడ్డాడని తల్లి ఫోన్ చేసింది. మంచుగడ్డ ఎత్తింది. గదంతా చేతుల్లో పనులు ఆపి వింటూనే ఉంది. బండి చేరేదాకా ఆ పిల్ల గొంతు హెచ్చలేదు, తగ్గలేదు, ఆ తల్లి చేత ఏమేం చేయించాలో అన్నీ చేయించింది. అయ్యాక హెడ్‌ఫోన్ తీసి, "ఒక్క నిమిషం మేడమ్" అని వెనక మెట్ల వైపు వెళ్ళింది. పిల్ల కుప్పకూలుతుందని ఇద్దరు ముగ్గురు బల్ల దగ్గర నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు. అది కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, వాళ్ళను దాటుకుని కుర్చీలో కూర్చుని, తర్వాతి ఫోన్ ఎత్తింది. చీమ కుట్టినట్టయినా లేదు.

"నిండు కుండ తొణకదు" అన్నాడు లౌడ్‌స్పీకర్ మెచ్చుకోలుగా.

"ఖాళీ కుండా తొణకదు నాయనా" అంది డేగక్క.

ఆవిడ ఊరికే అనలేదు. అంతకు ముందు ఇలాగే నెమ్మదిగా, నిమ్మకు నీరెత్తినట్టుండే కుర్రాడొకడు పనిచేసేవాడు. వాణ్ణి చూసి నేర్చుకోండని అందరికీ చెప్పేది. తీరా చూస్తే వాడు మత్తు మాత్రలు మింగి కూర్చునేవాడు. ఒకనాడు ఎవరో ముసలాయన అడ్రసు చెబుతుండగానే టేబులు మీద తల వాల్చి నిద్రపోయాడు. పక్క సీటు పిల్ల చూసి లైను అందుకుంది కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి ఎవరైనా ఏడిస్తే డేగక్కకు నిశ్చింత, ఏడవకపోతే గుండెల్లో దడ.

దీనికి తోడు ఆ రోజుల్లోనే గదికి మరో పీడ పట్టుకుంది. ఊళ్ళో ఏదైనా ప్రమాదం జరిగితే, మన బండి కంటే ముందే ఎవడో ఏజెంటు డొక్కు వ్యానేసుకుని దిగుతున్నాడు. కంగారులో ఉన్నవాళ్ళకు మాయమాటలు చెప్పి, రోగిని ఎత్తుకెళ్ళి, తనకు కమీషనిచ్చే ఆసుపత్రిలో పడేస్తున్నాడు. వ్యానులో ఒక స్ట్రెచరు తప్ప ఏమీ ఉండదు. దారిలోనే ప్రాణం పోయినవాళ్ళున్నారు. ఆఫీసరు డేగక్కను పిలిపించి, అడ్రసులు మీ గదిలోంచే పోతున్నాయి, ఎవరో పట్టుకోండి అన్నాడు. దొరికినవాళ్ళకు ఉద్యోగం పోవడంతో సరిపోదు, పోలీసు కేసు పెడతాం అని కూడా అన్నాడు.

ఆఫీసరు గది నుంచి తన కుర్చీ దాకా నడిచేలోపే డేగక్కకు దొంగ దొరికిపోయింది. సాక్ష్యం ఒక్కటే తరువాయి.

ఇక చూడండి ఆవిడ వేషాలు. పిల్ల టీకి వెళ్తే దాని నీళ్ళ సీసా మూత తీసి వాసన చూసింది. నీళ్ళే. సొంత ఫోన్లు లాకర్లో పెట్టి రావాలి గదా, ఆ లాకరు తాళం పడిందో లేదో పోయి గుంజి చూసింది. పడింది. కొత్త చెప్పులేసుకొస్తే ఎంత, ఎక్కడ కొన్నావని ఆరా తీసింది. పాతవి తెగిపోయాయి మేడమ్ అని ఆ పిల్ల సంచిలోంచి తెగిన జత తీసి చూపించింది, కుట్టించడానికి తీసుకెళ్తోందట. సాక్ష్యం ఇంత సిద్ధంగా ఎవరి దగ్గరైనా ఉంటుందా అని డేగక్కకు ఇంకో అనుమానం పుట్టింది. నలుగురిలా బల్ల మీద ఎందుకు కూర్చోవని సూటిగానే అడిగింది. మళ్ళీ చెబితే మళ్ళీ జరిగినట్టుంటుంది మేడమ్, నాకు పడదు అంది పిల్ల. మరి ఆ మెట్ల దగ్గర ఏం చేస్తావంటే, కాసేపు ఉండి వస్తానంది. అంతకు మించి ఒక్క మాట రాల్లేదు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ఇదంతా మాస్టారికి చెప్పింది. ఆయన మజ్జిగ పోసుకుంటూ విన్నాడు. "పిల్ల ఏడిస్తే బల్ల ఎక్కిస్తావు, ఏడవకపోతే దొంగంటావు. అసలు ఏం చేస్తే నీ లెక్కలో మనిషి?" అన్నాడు. మీకు ఆఫీసు సంగతులు తెలియవు, నోరు మూసుకుని తినండి అంది డేగక్క. ఆయన నోరు మూసుకుంటే ఎలా తినాలని అడిగాడు గానీ ఆవిడ వినిపించుకోలేదు.

తర్వాతి వారం దొరకనే దొరికింది. కూడలిలో ఒక కారు స్కూటరును గుద్దేసిందని దారినపోయే మనిషెవరో ఫోన్ చేశాడు. మంచుగడ్డ ఎత్తింది. అతను చోటు చెప్పి ఠపీమని పెట్టేశాడు. పిల్ల అడ్రసు కొట్టేసి, హెడ్‌ఫోన్ తీసి, మెట్ల వైపు నడిచింది. ఈసారి డేగక్క చెప్పుల చప్పుడు కాకుండా వెనకే వెళ్ళి, తలుపు సందున చెవి పెట్టింది.

పిల్ల గొంతు స్పష్టంగానే వినిపించింది. "అడ్రసు అందింది. బండి బయల్దేరింది. నా వంతు అయిపోయింది." కాసేపు ఆగి, మళ్ళీ అవే మూడు మాటలు.

డేగక్క తలుపు తోసింది. మెట్ల మీద కూర్చున్న పిల్ల అదిరిపడి లేచింది. ఎవరితో మాట్లాడుతున్నావు, ఫోన్ ఇలా ఇవ్వు అని చెయ్యి చాపింది. పిల్ల రెండు చేతులూ చూపించింది. ఖాళీ. జేబులు చూపించింది. ఖాళీ. నాలో నేనే మాట్లాడుకుంటున్నాను మేడమ్ అంది. ఆ ఫోన్లో వెనకాల ఎవరో చిన్నపిల్ల అమ్మా అమ్మా అంటోంది, అది చెవిలోంచి పోవాలంటే అలా అనుకోవాలి అంది. తనలో తాను మాట్లాడుకునేదానికి అడ్రసు సంగతెందుకని డేగక్క మూతి విరిచింది. ఫోను ఏ మెట్టు కింద దాచిందో వెతికింది కూడా. అక్కడ చీపురుకట్ట తప్ప ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం ఆవిడ లెక్కలో అమాయకత్వం కాదు, తెలివి.

గదిలోకి తిరిగొచ్చేసరికి లౌడ్‌స్పీకర్ తల పట్టుకుని ఉన్నాడు. కూడలి దగ్గరికి మన బండి చేరేసరికే ఏజెంటు వ్యాను ఆ స్కూటరు మనిషిని ఎక్కించుకుపోయింది. ఇంకేం కావాలి? డేగక్క అటునుంచి అటే ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, చూసినదీ విన్నదీ, చూడనిదీ విననిదీ కలిపి చెప్పేసింది. ఆయన రేపు మధ్యాహ్నం పిల్లను నా ముందు కూర్చోబెట్టండి, పోలీసులకు అప్పుడే కబురు చేద్దాం అన్నాడు.

ఆ మాట ఆవిడే వెళ్ళి పిల్లకు చెప్పింది. మంచుగడ్డ మొహం మొదటిసారి పాలిపోయింది. "నేను చేయలేదు మేడమ్" అంది. ఆ ఒక్క మాటే. చేసినవాళ్ళంతా అలాగే అంటారని డేగక్క గిరుక్కున తిరిగింది. పిల్ల మెట్ల దాకా వెళ్ళి, ఈసారి చాలాసేపు ఉండి, తిరిగొచ్చి మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కేసు పడబోయే మనిషి కూర్చుని ఎవరి కడుపునొప్పికో చిరునామా అడుగుతోంది. దున్నపోతు మీద వాన కురిసినట్టుందని డేగక్కకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం నేరుగా ఆఫీసరు ముందుకే వెళ్ళాలని, మర్నాడు పొద్దుటి డ్యూటీకి డేగక్క సెలవు పెట్టింది. పొద్దున్నే తల దువ్వుకుంటూ, ఆఫీసరు ముందు ఏం చెప్పాలో అద్దంలో చూసుకుని చెప్పుకుంటోంది. వంటింట్లో గిన్నె పడిన చప్పుడైంది. ఏం పడేశారని ఇక్కడి నుంచే కేకేసింది. జవాబు లేదు. ఏదో ఒక హాస్యమైనా ఆడకుండా ఊరుకునే మనిషి కాదాయన. వెళ్ళి చూస్తే మాస్టారు నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. ఎప్పుడో ఒకసారి గురక లాంటి ఊపిరి వస్తోంది, ఆ తర్వాత అదీ లేదు.

ఆవిడ వేళ్ళు వాటంతట అవే నంబరు నొక్కాయి. అవతల ఎత్తారు. ఎత్తగానే డేగక్క నోట్లోంచి వచ్చిన మాట ఇది. "అత్యవసర సేవ, చెప్పండి. మీరెక్కడున్నారు?"

అవతల కూడా అదే ప్రశ్న మొదలై ఆగింది.

"మీరెక్కడున్నారు? పక్కన గుర్తుగా ఏముంది?" అని డేగక్క మళ్ళీ అడిగింది. తాను అడుగుతున్నానని ఆవిడకు తెలుసు, ఆపడం చేతకావడం లేదు. జీవితమంతా అడిగిన నోరు, చెప్పడం ఎలాగో మరిచిపోయింది.

"మేడమ్, నేనే" అంది మంచుగడ్డ. "ఇవాళ అడిగేది నేను. చెప్పేది మీరు. ఎవరికి బాగాలేదు?"

మాస్టారికి అంది. ఇల్లెక్కడంటే పేట పేరు చెప్పింది గానీ, వీధి పేరు నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. ఊళ్ళో సందుగొందులన్నీ తెలిసిన మనిషికి సొంత ఇంటి నంబరు గుర్తు రావడం లేదు. పిల్ల గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. కిటికీలోంచి చూడండి మేడమ్, ఎదురుగా ఏముంది అని అడిగింది. ఇస్త్రీ దుకాణం అంది. దాని పక్కన అంటే రెండంతస్తుల ఆకుపచ్చ ఇల్లు అంది. మీ వీధిలోకి మలుపు తిరిగేచోట ఏముంటుందంటే టైర్ల కొట్టు అంది. అంతే, బండి బయల్దేరింది మేడమ్, తలుపు బార్లా తీసి వచ్చి ఫోన్ స్పీకర్లో పెట్టి నేల మీద పెట్టండి అంది.

రెండు చేతులూ మాస్టారి గుండె మధ్యలో పెట్టి నొక్కమంది. డేగక్క ఈ మాట ఫోన్లో ఎందరికి చెప్పిందో లెక్కలేదు. తన చేతులు మాత్రం లేవడం లేదు. నాకు రాదే, నా వల్ల కాదే అని ఏడ్చింది.

"వచ్చు మేడమ్. నాకు నేర్పింది మీరే. నాతో పాటు లెక్కపెడుతూ నొక్కండి. ఒకటి, రెండు, మూడు..."

డేగక్క నొక్కింది. ఎముక కటుక్కుమంది. ఆపబోయింది. అలాగే అవుతుంది, ఆపొద్దు అంది గొంతు. చెమటలు కారి కళ్ళల్లో పడుతున్నాయి. లెక్క తప్పితే పిల్ల అందిస్తోంది, చేతులు నెమ్మదిస్తే పిల్ల గొంతు వేగం పెంచుతోంది.

అంతలో గుమ్మం ముందు బండి ఆగింది. బతికాననుకుంది డేగక్క. లోపలికొచ్చింది మాత్రం మెడలో ఏ కార్డూ లేని మనిషి. మీద నలిగిన చొక్కా, వెనకాల స్ట్రెచరు మోసే మరొకడు. జరగమ్మా, మా వ్యాను రెడీగా ఉంది, పెద్ద డాక్టరు గారు కాసుకుని ఉన్నారు అంటూ మాస్టారి కాళ్ళు పట్టుకోబోయాడు. ఏజెంటు. ఆవిడ ఇన్నాళ్ళూ పట్టుకోవాలనుకున్నవాడు, ఆవిడ వంటింట్లోనే నిలబడ్డాడు.

ఆ స్థితిలోనూ అనుమానం ఒక్కసారి బుస కొట్టింది. ఈ ఇంటి గుర్తులు ఈ పిల్లకు తప్ప ఎవరికి చెప్పాను? వీడికెలా తెలిసింది? నేల మీది ఫోన్ వైపు చూసింది. "పధ్నాలుగు, పదిహేను, పదహారు" అంటోంది ఫోన్. మొదటి మాట నుంచి ఇప్పటిదాకా ఆ గొంతు లెక్క ఆపలేదు, ఊపిరి తిప్పుకోలేదు. ఎవరికైనా చెప్పడానికి దానికి సందేది?

అప్పుడే ఏజెంటు చొక్కా జేబులో ఏదో గరగరమంది. ఆ వెంటనే లౌడ్‌స్పీకర్ గొంతు. ఇస్త్రీ దుకాణం ఎదురిల్లు, టైర్ల కొట్టు మలుపు, తొందరగా, మన మేడమ్ గారిల్లు అని బండికి చెబుతున్నాడు. వైర్‌లెస్‌లో చెప్పినదంతా ఈ వెధవ జేబులో సెట్టు పెట్టుకుని వింటున్నాడన్నమాట. డేగక్క గదిలో దొంగ కోసం నీళ్ళ సీసాలు వాసన చూస్తుంటే, అడ్రసులు గాల్లోంచి పోతున్నాయి.

"మేడమ్, ఎవరొచ్చినా మాస్టారిని పంపొద్దు" అంది ఫోన్లో పిల్ల. "వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. మన బండి మలుపులో ఉంది. చేతులు ఆపొద్దు."

కదిలావంటే కాళ్ళు విరగ్గొడతానని డేగక్క ఏజెంటుతో అంది. చేతులు మాత్రం ఆపలేదు. మన బండివాళ్ళు వచ్చి, ఆవిడను పక్కకు జరిపి, మాస్టారి గుండెకు కరెంటు పెట్టారు. రెండోసారికి గుండె అందుకుంది. అంత గొడవలోనూ ఎవరో ఫోన్ తీసి, బండి చేరిందమ్మా అని పిల్లకు చెప్పారు. అప్పుడు గానీ లైను తెగలేదు. ఏజెంటు పారిపోతుంటే ఇస్త్రీ అబ్బాయి కాలడ్డం పెట్టి పడగొట్టాడని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నానికి మాస్టారు ఆసుపత్రిలో కళ్ళు తెరిచాడు. ఒంటినిండా వైర్లు. డేగక్కను చూసి, నన్ను ఇంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు నువ్వు అన్నాడు గొణుగుతూ. ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది. డాక్టరు బయటకు పొమ్మంటే, జుట్టు సరిచేసుకోకుండానే ఆటో ఎక్కి ఆఫీసుకు వచ్చింది.

ఆఫీసరు గదిలో చెప్పాల్సిందంతా చెప్పింది. మరి ఆ మెట్ల దగ్గర మాటలేమిటని ఆయన అడిగాడు. ఆ పిల్ల తనతోనే మాట్లాడుకుంది సార్, నేనే వినకూడనిది విన్నాను అంది. ఆయన పిల్లను పిలిపించి, నీ మీద ఏమీ లేదు, వెళ్ళి పని చూసుకో అన్నాడు. పిల్ల తలూపి వెళ్ళిపోయింది. గదిలోకి కాదు, మెట్ల వైపు. డేగక్క ఈసారి చెప్పులు టపటపలాడించుకుంటూ వెనకే వెళ్ళింది.

పిల్ల గోడకు తల ఆనించి ఏడుస్తోంది. వెక్కి వెక్కి, చిన్నపిల్లలా ఏడుస్తోంది. అడుగుల చప్పుడు వినపడినా దాచుకోలేదు. డేగక్క పక్కనే కింది మెట్టు మీద కూలబడింది. రోజూ ఇదేనా అని అడిగింది. రోజూ కాదు, వచ్చినప్పుడు అంది పిల్ల. వచ్చినదాన్ని రానిస్తాను, కాసేపు ఉండనిస్తాను, ఆ తర్వాత నా వంతు అయిపోయిందని చెప్పి పంపేస్తాను, మొహం కడుక్కుంటాను, అంతే మేడమ్ అంది.

పొద్దున నా గొంతు గుర్తుపట్టావా అంటే మొదటి మాటకే అంది. మరి కోపం రాలేదా?

"చాలా వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు. కానీ మాస్టారికి దాంతో సంబంధం లేదు కదా."

ఇంత చిన్నదానివి, ఇదంతా ఎక్కడ నేర్చావే అంది డేగక్క. పిల్ల కళ్ళు తుడుచుకుని చెప్పింది. బడికెళ్ళే వయసులో, ఇంట్లో తనూ అమ్మా ఉన్నప్పుడు అమ్మ ఇలాగే పడిపోయిందట. స్టూలెక్కి ఫోన్ చేసిందట. అవతల ఎవరో, బండి వచ్చేదాకా, నేనున్నాను, ఎక్కడికీ పోను అంటూ మాట్లాడుతూనే ఉన్నారట. డేగక్క ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఆ రోజుల్లో తానూ ఆ సీట్లోనే కూర్చునేది. ఆడగొంతా, మగగొంతా అని ఆశగా అడిగింది. మగగొంతు మేడమ్, మధ్యమధ్యలో దగ్గేవాడు అంది పిల్ల. ఆ దగ్గు ఎవరిదో డేగక్కకు తెలుసు, ఎప్పుడో రిటైరైపోయాడు. ఎందుకో చిన్నబుచ్చుకుంది.

"అమ్మ బతికిందా?"

"లేదు మేడమ్" అంది పిల్ల. "అయినా ఆ వేళ నేను ఒక్కదాన్నే లేను. అందుకే ఈ పనికి వచ్చాను. బతికించడం నా చేతిలో లేదు. వాళ్ళను ఒంటరిగా వదలకపోవడం ఉంది. పొద్దున్నే అది గుర్తు చేసుకుని కూర్చుంటాను. అప్పుడు భయం ఉన్నా దాని పాటికి అది ఉంటుంది, నా పాటికి నేను అడుగుతుంటాను."

తప్పు చేశానమ్మా అంది డేగక్క. అనుమానంతో కళ్ళు పోయాయి, నిన్ను నానా మాటలన్నాను, క్షమించు అంది. ఆ మాట ఆవిడ నోట రావడం ఆ ఆఫీసులో ఎవరూ విననిది. కొత్తగా వచ్చే పిల్లలకు ఇకమీద నువ్వే నేర్పు, నా పక్క సీటు నీదే, ఎవరు ఏమంటారో నేను చూస్తాను అని కూడా అంది. అది ఆవిడ ఇవ్వగలిగినదాంట్లో పెద్దది.

పిల్ల తల వంచుకుని వింది. తర్వాత నెమ్మదిగా, "నన్ను మీ షిఫ్టు నుంచి మార్పించండి మేడమ్" అంది.

డేగక్క తెల్లబోయింది. ఇంకా కోపమేనా అంది.

"కోపం కాదు. అది ఇందాకే అయిపోయింది. మీరు మళ్ళీ ఫోన్ చేస్తే నేనే ఎత్తుతాను. ఎంతసేపైనా లైన్లో ఉంటాను. కానీ మీ ముందు కూర్చుంటే నా చెవి ఫోన్లో మనిషి మీద ఉండదు, మీ అడుగుల మీద ఉంటుంది. అప్పుడు ఎవరి అమ్మకో నేను సరిగ్గా వినలేను."

ఆ పిల్ల అడిగిందాంట్లో కుట్ర ఏదైనా ఉందేమోనని డేగక్క అలవాటుగా వెతికింది. ఏమీ లేదు. ఉన్నదంతా నిజమే. సరే అంది.

పిల్ల కుళాయి దగ్గర మొహం కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే డేగక్క ఆఫీసరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి, ఆ పిల్లను మధ్యాహ్నం షిఫ్టుకు, వేరే సూపర్‌వైజరు కిందికి మార్చమని అడిగింది. ఆయన ఆశ్చర్యపోయి కారణం ఏమిటన్నాడు.

"నేనే సార్" అంది డేగక్క.